తాపీ ఎవరి చేతిలో, తట్ట ఎవరి నెత్తిన (పనిముట్ల చరిత్ర – 9)



పోయిన వారం పార గురించి రాశాక ఒక విద్యార్థి ఫోన్ చేశాడు. "అన్నా, పారకు చరిత్ర ఉందంటే ఒప్పుకుంటా. తాపీకి ఏం చరిత్ర ఉంటదే? ఇనుప రేకు, కట్టె పిడి. గంతే గదా" అన్నాడు. కాసేపాగి, "ఇంతకీ దాన్ని ఎవరు కనిపెట్టిన్రన్నా?" అని కూడా అడిగాడు. ఆ రెండో ప్రశ్నే ఈ వారం నన్ను కూర్చోబెట్టి రాయిస్తోంది.

ముందు మాటల సంగతి చూద్దాం. కోస్తాలో తాపీ మేస్త్రి అంటారు, తెలంగాణలో సుతారి అంటారు, రాయలసీమలో బేల్దారి అంటారు. గోడకు పూత పెట్టడాన్ని మా దగ్గర గిలాబు అంటాం. కోస్తాలో మాత్రం పనిముట్టు పేరే పనికీ, మనిషికీ పేరైంది. తాపీ పట్టినవాడే తాపీ మేస్త్రి. మాలు కలిపినవాళ్ళకు, నీళ్ళు మోసినవాళ్ళకు, తట్ట ఎత్తినవాళ్ళకు కలిపి ఒకటే పేరు, కూలీ. ఇంకో చిత్రం చూడండి. తీరిగ్గా ఉండడాన్ని మన భాషలో తాపీగా ఉండడం అంటాం. పరంజా కింద తట్ట మోసే ఆడమనిషికి ఆ రెండు తాపీలూ లేవు.

ఇప్పుడు పనిముట్టును చేతిలోకి తీసుకుందాం. ఇటుకలు పేర్చే తాపీ వేరు, గోడకు గిలాబు చేసే పలక వేరు. ఇటుకల తాపీకి పిడి ఒక కొసన ఉంటుంది. అది మాలు తోడటానికి, విసరడానికి పనికొస్తుంది. గిలాబు పలకకు పిడి వెనక, నడిమధ్యన, పలకకు సమాంతరంగా ఉంటుంది. ఈ చిన్న మార్పులోనే అసలు తెలివంతా ఉంది. పిడి కొసన ఉంటే బలమంతా ఒక అంచు మీద పడి గోడ మీద గీతలు పడతాయి. పిడి నడుమ వెనక ఉంటే అరచేతి బలం పలకంతా సమంగా పరుచుకుంటుంది. చెక్క పలకతో రుద్దితే ఇసుక పైకి తేలి గోడ గరుకుగా నిలుస్తుంది, పైన వేసే పూతకు పట్టు దొరుకుతుంది. ఉక్కు పలకతో రుద్దితే మెత్తటి పాలు పైకొచ్చి గోడ నున్నగా మూసుకుంటుంది. ముందు చెక్క, తర్వాత ఉక్కు. ఏ నిమిషంలో ఒకటి దించి ఇంకోటి పట్టాలో ఏ పుస్తకమూ చెప్పలేదు, తడి మీద వేలు పెట్టి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఈ నడుమ పిడి పలకను ఎవరు కనిపెట్టారు? ఈజిప్టులో సెనుస్రెట్ 2 అనే రాజు పిరమిడ్ కట్టిన పనివాళ్ళ కోసం ఒక ఊరు వేశారు. ఇప్పుడు దాన్ని కహూన్ అంటారు. 1889లో ఫ్లిండర్స్ పెట్రీ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు ఇళ్ళల్లో పనిముట్లు దొరికాయి. అందులో గిలాబు చేసే చెక్క పలక కూడా ఉంది. ఇప్పుడది ఇంగ్లండులో మాంచెస్టర్ మ్యూజియంలో ఉంది. దాదాపు నాలుగు వేల ఏళ్ళ నాటిది. మన అడ్డా మీద ఏ సుతారికి చూపించినా, ఇది నాదే అంటాడు. పిరమిడ్ మీద రాజు పేరుంది. పలక పట్టిన మనిషి పేరు లేదు.

ఆ పలక కన్నా ముందు ఏముంది? అరచెయ్యి. పలక అంటే అరచేతిని పొడిగించడమే. మా అమ్మ, మీ అమ్మ, మన పేటల్లో ప్రతి ఆడమనిషి పండగ ముందు గోడలు అలికింది గుర్తు తెచ్చుకోండి. ఎర్రమట్టిని నానబెట్టాలి, పేడ కలపాలి, ఊకో వరిపొట్టో వేసి తొక్కాలి. వట్టి మట్టి ఆరితే ముడుచుకుని పగులుతుంది. పేడలోని పీచు, ఊక ఆ మట్టిని పట్టి ఉంచుతాయి. అరచెయ్యి తడి చేసుకుని అర్ధచంద్రాకారంగా తిప్పుతూ రుద్దితే గోడ మీద చేపపొలుసుల్లా గుర్తులు పడతాయి. మట్టి ఎంత, పేడ ఎంత, ఎండ ఎంత ఉన్నప్పుడు అలకాలి అన్నది లెక్క తెలిసిన పని. దీన్ని ఏ కాలేజీలోనైనా 'మెటీరియల్ సైన్స్' అంటారు. మన వాడలో దీన్ని అలుకుడు అంటారు, అందుకే ఎవరూ దీనికి కూలి కట్టలేదు.

అరచేతి నుంచి ఉక్కు పలక దాకా వచ్చిన దారిలో మనం మరిచిపోయిన ఒక దశ ఉంది. సున్నం దశ. నేను ఈ వారం చెప్పదలచుకున్నది దాని గురించే.

సిమెంటు రాకముందు రాతి మేడలూ, కోటలూ, బంగళాలూ సున్నంతోనే కట్టారు. రాయిని గానీ, సముద్రపు గవ్వల్ని, ఆల్చిప్పల్ని గానీ బట్టీలో కాల్చి, నీళ్ళు పోసి చల్లార్చి, ఇసుక కలిపి ఎద్దుల గానుగలో తిప్పితే డంగు సున్నం తయారవుతుంది. అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలుపుతారు. మద్రాసు చునం అని పేరు పడ్డ పూతకు గవ్వల సున్నం, గుడ్డులోని తెల్లసొన, పెరుగు లాంటివి వాడి, ఆఖరి పొరను నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుగు పెట్టేవారు. చూసిన తెల్లోళ్ళు పాలరాయి అనుకున్నారు. ఐజాక్ పైక్ అని సెయింట్ హెలీనా దీవికి గవర్నరుగా చేసినాయన, మద్రాసులో మేలైన సున్నపు మాలు ఎలా చేస్తారో రాసి లండన్ రాయల్ సొసైటీకి ఇస్తే 1732లో వాళ్ళ పత్రికలో అచ్చయింది. ఇవాళ సున్నం మీద పరిశోధన చేసే ఇంజనీర్లు కూడా ఆయన్ను తలుచుకుంటారు. మద్రాసు అప్పుడు తెలుగూ తమిళమూ కలిసి బతికిన ఊరు. ఆ విద్య ఏ కూలీల దగ్గర చూసి రాశాడో వాళ్ళ పేర్లు మాత్రం ఆ చరిత్రలోకి రాలేదు.

సున్నానికి ఒక గుణం ఉంది. అది నెమ్మదిగా గట్టిపడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ రోజులకు రోజులు తీసుకుంటుంది. ఆరేకొద్దీ ముడుచుకుని సన్నటి పగుళ్ళు పడతాయి. పగుళ్ళు మూసుకోవాలంటే కొట్టాలి. మద్రాసు టెర్రస్ అని పాత మేడల కప్పులు మీరు చూసే ఉంటారు. దూలాల మీద ఇటుకలు పేర్చి, పైన సున్నపు కాంక్రీటు వేసి, ఆడవాళ్ళు వరుసగా కూర్చుని చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. బెల్లం నీళ్ళు చల్లుతూ, పాట కట్టుకుంటూ, ఒకే లయలో కొట్టేవాళ్ళు. బద్ద మోగే చప్పుడు మారితే సున్నం బిగిసిందని తెలిసేది. మెత్తగా చప్పుడైతే ఇంకా కొట్టాలి. ఖంగుమంటే ఆపాలి. ఎప్పుడు ఆపాలో తేల్చేది ఆ కొట్టే చేతులూ, ఆ వినే చెవులే. దీన్ని నైపుణ్యం అనక ఏమంటారు?

సిమెంటు వచ్చింది. 1824లో ఇంగ్లండులో లీడ్స్ పట్నానికి చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఇటుకల పనివాడు. పేటెంటు కాగితంలో తన పద్ధతిని కృత్రిమ రాయి తయారీలో 'మెరుగుదల' అని రాసుకున్నాడు. చేతి పనివాడు తను మెరుగుపరచిన దాన్ని తన పేరు మీద రాసుకోగలిగాడు. ఇది గుర్తుంచుకుని అమెరికా వైపు ఒక్కసారి చూడండి. మిసిసిపీలో ఆస్కార్ స్టువార్ట్ అనే యజమాని దగ్గర నెడ్ అనే నల్ల బానిస కమ్మరి ఉండేవాడు. పత్తి చేలో కలుపు గీకే పనిముట్టును మెరుగ్గా చేశాడు. యజమాని దాని మీద పేటెంటు అడిగాడు. బానిస శ్రమ ఫలం తనదైతే బానిస బుర్రలో పుట్టింది కూడా తనదే అని వాదించాడు. 1858లో అమెరికా అటార్నీ జనరల్ తేల్చి చెప్పాడు: బానిస కనిపెట్టినదానికి పేటెంటు ఇవ్వడం కుదరదు, బానిసకూ కాదు, యజమానికీ కాదు. అంటే చట్టం దృష్టిలో నెడ్ ఏదీ కనిపెట్టలేదు. స్టువార్ట్ మాత్రం ఆ పనిముట్టును అమ్ముకోవడం ఆపలేదు.

మన దగ్గర పేటెంటు దాకా పోవాల్సిన పనే పడలేదు. కులమే ఆ పని చేసిపెట్టింది. బాబాసాహెబ్ 1936లో కుల నిర్మూలన గ్రంథంలో చెప్పింది ఇదే: కులం పనిని మాత్రమే విడదీయలేదు, పనిచేసే మనుషుల్ని విడదీసి ఒకరి మీద ఒకర్ని మెట్లుగా పేర్చింది. ఈ మాట చాలామంది సభల్లో చెబుతారు. నాకైతే ఒక్క పరంజా చూస్తే చాలు. పైన తాపీ, కింద తట్ట. మెట్లు కళ్ళ ముందే ఉంటాయి.

సిమెంటు రాకతో ఏం మారిందో చూడండి. సున్నం రోజులు తీసుకుంటే సిమెంటు గంటల్లో బిగుస్తుంది. కలిపాక అరగంట దాటితే బిగుసుకోవడం మొదలు కావచ్చు. కొట్టాల్సిన పని లేదు, రాయితో మెరుగు పెట్టాల్సిన పని లేదు. బిగుసుకునేలోపు పరిచి, బద్దతో లాగి, పలకతో రుద్దేయాలి. అంటే పదిమంది చేతుల్లో, రోజుల తరబడి, పంచుకుని ఉన్న నైపుణ్యం ఒక్క మనిషి పట్టే ఒక్క ఉక్కు పలకలోకి వచ్చి చేరింది. పనిముట్టు మెరుగైంది, నిజమే. పని త్వరగా అయింది, అదీ నిజమే. కానీ చెక్క బద్ద పోయింది. ఆ బద్ద పట్టిన ఆడవాళ్ళు పనిలోంచి పోలేదు. వాళ్ళ చేతిలోంచి పనిముట్టు పోయి, నెత్తి మీదికి తట్ట వచ్చింది. నిన్నటిదాకా సున్నం ఎప్పుడు బిగిసిందో చెప్పిన మనిషి ఇవాళ 'అన్‌స్కిల్డ్'. తాపీ చరిత్రను నేను చదువుకున్న తీరు ఇది. ఇంజనీరింగ్ పాఠాల్లో దీన్ని ప్రగతి అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

తాపీ పనిని శాస్త్రీయం చేశానని పేరు తెచ్చుకున్న ఇంకొకాయన ఉన్నాడు, అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్. 1885లో 17 ఏళ్ళ వయసులో ఇటుకల పనిలో చేరాడు. నేర్పేవాడు నేర్పేటప్పుడు ఒక తీరుగా, తొందరలో ఉన్నప్పుడు ఇంకో తీరుగా, తీరిగ్గా ఉన్నప్పుడు వేరే తీరుగా చెయ్యి కదపడం గమనించాడు. ఇటుక పెట్టడానికి 18 కదలికలు పడుతుంటే వాటిని 5కు తగ్గించాడు. గంటకు 120 ఇటుకలు పేర్చే మేస్త్రి 350 పేర్చాడు. 1911లో ఫ్రెడరిక్ టేలర్ తన పుస్తకంలో దీన్ని గొప్పగా చెప్పాడు. మేనేజ్‌మెంట్ కోర్సు చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఈ కథ పరీక్షలో వస్తుంది. కదలికలు ఎలా తగ్గాయో కూడా చదవండి. మేస్త్రి ఇటుక కోసం నడుం వంచకుండా ఎత్తు మార్చుకునే పరంజా చేశారు. తక్కువ కూలి ఇచ్చే సహాయకుడు ఇటుకల్ని ముందే ఏరి, మంచి ముఖం పైకి వచ్చేలా పేర్చి, మేస్త్రి చేతికందేలా పెడతాడు. మేస్త్రి వంగడం తగ్గింది. ఆ వంపు ఎక్కడికీ పోలేదు, సహాయకుడి నడుములోకి దిగింది. గిల్‌బ్రెత్ ఆ లెక్క వేసిన మేస్త్రి పక్కన మన పరంజా మీద ఎవరుంటారో మీకు తెలుసు.

ఆ లెక్క మనమే వేద్దాం. లోపలి గోడకు గిలాబు 12 మిల్లీమీటర్ల మందం అనుకోండి. 10 చదరపు మీటర్ల గోడకు 120 లీటర్ల మాలు పడుతుంది. తడి మాలు లీటరుకు దాదాపు 2 కిలోలు తూగుతుంది. అంటే 240 కిలోలు. కింద రాలేది ఇందులో కలపలేదు. పది లీటర్ల గమేళా 20 కిలోలు. పన్నెండు సార్లు ఎత్తి, మెట్లెక్కి, అందించి, ఖాళీది పట్టుకుని దిగాలి. ఇది ఒక్క గోడకు. ఇసుక జల్లెడ పట్టడం, నీళ్ళు మోయడం, రాలిన మాలు ఎత్తడం, తెల్లారి గోడ తడపడం వేరే. ఉక్కు పలక ఎంత మెరుగైనా ఈ 240 కిలోల్లో ఒక్క కిలో తగ్గలేదు. మేస్త్రి చెయ్యి వేగం పెరిగితే తట్ట వేగం పెరగాలి. అంతే.

మనవాళ్ళు తాపీ పట్టలేదా అంటే పట్టారు. ఊళ్ళో దొర ఇంటి గోడ తడిగా ఉన్నంతసేపు మన చెయ్యి దానికి అంటు కాదు, ఆరి గృహప్రవేశం అయ్యాక గడప దాటితే అంటు. ఈ అవమానం భరించలేకే మా చిన్నాయన లాంటివాళ్ళు పట్నం బస్సెక్కారు. అడ్డా మీద నిలబడి, ముందు తట్ట మోసి, తర్వాత ఇటుక అందించి, మూడు నాలుగేళ్ళకు తాపీ పట్టుకున్నారు. పట్నంలో ఎవరూ కులం అడగలేదా అంటే, అడిగారు. కానీ గోడ మట్టం తప్పకుండా వస్తే నోరు మూసుకున్నారు. తాపీ మా చిన్నాయనకు రెండింతల కూలి ఇచ్చింది, పిల్లల్ని బడికి పంపింది. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

కాంట్రాక్టు మాత్రం చేతికి రాలేదు. 1942 అక్టోబర్‌లో బాబాసాహెబ్ వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా ఉండి, షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు ఒక విజ్ఞాపన ఇచ్చారు. అందులో కేంద్ర పి.డబ్ల్యు.డి. కాంట్రాక్టర్ల లెక్క ఉంది. వెయ్యిమందికి పైగా ఉన్న జాబితాలో షెడ్యూల్డ్ కులాల మనిషి ఒక్కడంటే ఒక్కడు. ఉద్యోగాల్లో రిజర్వేషన్ల గురించి మనం మాట్లాడినంతగా బాబాసాహెబ్ అడిగిన ఈ కాంట్రాక్టుల వాటా గురించి మాట్లాడలేదు. మన స్టడీ సర్కిళ్ళలో ఆ విజ్ఞాపన చదవాలి.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. మా అమ్మ పన్నెండేళ్ళు మా చిన్నాయన చేతి కింద తట్ట మోసింది. సొంత మరిది. ఒకే గుడిసెలోంచి ఇద్దరూ పొద్దున్నే బయల్దేరేవాళ్ళు, సాయంత్రం ఆయన చేతికి వచ్చిన కూలిలో సగమే అమ్మ చేతికి వచ్చేది. ఒక రోజు అన్నం టైములో ఆయన బీడీ కాల్చుకుంటుంటే అమ్మ పలక తీసుకుని మూల దగ్గర రుద్దిందట. "వదినే, అది పెట్టేయి. ఆడోళ్ళు తాపీ పడితే గోడ వంకర పోతది" అన్నాడట. నవ్వుతూనే అన్నాడు. మా చిన్నాయన మంచివాడు. దొర ముందు చెప్పు చేత పట్టుకుని నిలబడనన్న మనిషి. ఆయన నోట్లోంచి ఆ మాట వచ్చింది.

1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఒకే పనికి, ఒకే రకం పనికి ఆడా మగా తేడా లేకుండా కూలి ఇవ్వాలంది. చట్టం మంచిదే. కానీ ఆడమనిషి చేతికి తాపీ ఇవ్వకపోతే అది ఒకే పని కాదు కదా. ఇక చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించాల్సిన అవసరమే లేదు. సైటు మీద తాపీ ఎవరు పట్టాలో రాసిన కాగితం ఎక్కడా లేదు. రాయకుండానే అమలవుతోంది.

జార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ మరుగుదొడ్లు కట్టేటప్పుడు మగ మేస్త్రీలు చాలక ఊరి ఆడవాళ్ళకు తాపీ పని నేర్పారు. వాళ్ళను రాణీ మిస్త్రీలు అన్నారు. అహ్మదాబాద్‌లో సేవా సంస్థకు చెందిన మహిళా హౌసింగ్ ట్రస్ట్ ఆడ కూలీలకు మేస్త్రీ పని నేర్పే బడి పెట్టింది. కేరళలో కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్ళు ఇళ్ళే కట్టారు. ఆ గోడలేవీ వంకర పోలేదు. నాకు వీటిలో ఒక ఇబ్బంది కూడా కనిపిస్తుంది: మగవాళ్ళు దొరకనప్పుడు, మరుగుదొడ్ల దగ్గరే ఆడవాళ్ళ చేతికి తాపీ వచ్చింది. అపార్ట్‌మెంటు సైటు మీద రోజుకు రెండింతల కూలి దొరికే చోట ఇంకా రాలేదు. అయినా అక్కడ తాపీ పట్టిన ప్రతి అక్కకూ జైభీమ్.

సంఘాల్లో పనిచేసే మిత్రులను ఒకటి అడుగుతున్నాను. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. బోర్డు కార్డు కోసం మనం చేయించే దరఖాస్తుల్లో పని పేరు రాసే గడి ఉంటుంది. ఆడవాళ్ళ కాగితాల్లో అక్కడ ఆలోచించకుండా 'కూలీ' అని రాసేస్తున్నది మన కార్యకర్తలే. నేనూ అలాగే రాశాను, ఎన్నో కాగితాల్లో. ఇసుక జల్లెడ పట్టి, మాలు పాళ్ళు చూసి, నీళ్ళు సరిపోయాయో లేదో ఒక్క చూపులో చెప్పే మనిషి చేసే పనికి ఏ పేరు రాయాలో కామెంట్లలో చెప్పండి. మీ ఊళ్ళో తాపీ పట్టిన ఆడవాళ్ళుంటే వాళ్ళ పని గురించి రాయండి.

చిన్నాయన పోయిన ఏడాది కాలం చేశాడు. ఆయన సంచి మా ఇంటికి వచ్చింది. తూకం గుండు, దారం, ఒక ఇటుకల తాపీ, పిడి నల్లగా అరిగిన ఉక్కు పలక. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు వంటింటి గోడకు పెచ్చులూడిన చోట కొత్త మాలు కనిపించింది. దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. నున్నగా ఉంది. "ఎవరు చేసిన్రే?" అని అడిగితే అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "సంచిల పలక ఖాళీగుంటె తుప్పు పడ్తదని" అంది.

వచ్చే వారం: గంప.